గోగు కర్ర, టీ పిప్పి, మా నాన్న లెక్క

మా కాలేజీ గేటు ఎదురుగా వేపచెట్టు కింద ఉన్న టీ కొట్టులో నాకొక బిరుదు ఉంది. "పిప్పి పంతులు". అందరూ అక్కడికి టీ తాగడానికి వెళ్తారు. నేను మాత్రం సాయంత్రం పూట ఒక పాత బకెట్టు పట్టుకొని, వడగట్టగా మిగిలిన పిప్పి తెచ్చుకోవడానికి వెళ్తాను. స్నేహితులు ఊరుకుంటారా? ఆ బిరుదు తగిలించి చేతులు దులుపుకున్నారు.

మొదటి రోజు కొట్టు బాబాయి నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బావూ, ఎండబెట్టీసి మళ్ళీ పొడిలో కలిపీసి అమ్మీస్తావా ఏటి?" అని అడిగాడు. ఆయన అనుమానంలో తప్పేమీ లేదు. వాడిన ఆకుకి రంగు వేసి తిరిగి అమ్మే మోసం పాతదే. తేయాకు ఫ్యాక్టరీల్లో మిగిలే తుక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 1959లోనే ప్రత్యేకంగా ఒక నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. ఆ తుక్కు వ్యాపారానికి లైసెన్సు కావాలి. దానిలోంచి కెఫీన్ తీస్తారు కూడా. అంటే ఫ్యాక్టరీ తుక్కుకి ఒక చట్టమూ ఉంది, ఒక ధరా ఉంది. మన వీధి కొట్టు పిప్పికి ఆ రెండూ లేవు. మురిక్కాలవే దాని గతి.

"అమ్మడానికి కాదు బాబాయ్, దీనిలోంచి సెల్యులోజ్ తీస్తాను" అన్నాను.

"అదేటి?"

"కాగితంలో ఉండే సరుకు."

"కాయితం కొట్లో దొరకదేటి బావూ?"

అందరితో పాటు నేనూ నవ్వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, నా ప్రాజెక్టు గురించి ఈ సంవత్సరంలో నన్ను అడిగిన ప్రశ్నల్లో తెలివైనవి రెండే. ఒకటి ఆ బాబాయిది, రెండోది మా నాన్నది. వాటికి జవాబు చెప్పుకుందామనే ఈ నాలుగు పేజీలూ రాస్తున్నాను.

సైన్సు చదవని మిత్రుల కోసం ముందుగా రెండు మాటలు. సెల్యులోజ్ అనేది మొక్క ఒంటికి ఎముక వంటిది. వేల కొద్దీ గ్లూకోజ్ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని వరసగా నిలబడితే అది సెల్యులోజ్. మనం తినే అన్నంలోని పిండి పదార్థమూ గ్లూకోజ్ వరసే. తేడా అల్లా చెయ్యి పట్టుకున్న తీరులో ఉంది. ఒక తీరున పట్టుకుంటే అన్నం, మరో తీరున పట్టుకుంటే గడ్డి! మన కడుపు మొదటి దానిని విడదీయగలదు, రెండో దానిని విడదీయలేదు. ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి గనుక మనం అన్నం తిని గడ్డి ఆవుకి వేస్తున్నాం. ఈ పదార్థాన్ని 1838లో ఆన్సెల్మ్ పయెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కొయ్యలోంచి వేరు చేసి చూపించాడు. సెల్యులోజ్ అన్న పేరూ ఆయన పెట్టిందే.

వేరు చేయడం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. సెల్యులోజ్‌కి లోకంలో కరువు లేదు. వరిగడ్డిలో, చెరకు పిప్పిలో, గోగు కర్రలో సుమారుగా మూడో వంతు నుంచి సగం దాకా అదే. ఉద్దానం కొబ్బరి పీచులోనూ ఉంది. కాని ఎక్కడా ఒంటరిగా ఉండదు. లిగ్నిన్ అనే గట్టి జిగురు, హెమిసెల్యులోజ్ అనే మరో రకం చక్కెర వరసలు దాన్ని నలువైపులా పట్టుకొని ఉంటాయి. కొబ్బరి పీచులో లిగ్నిన్ 40 శాతం పైన ఉంటుంది. ఆ పీచు తాడు నీళ్ళలో నానుతున్నా అంత తొందరగా కుళ్ళకపోవడానికి అదొక కారణం. టీ పిప్పిలో ఇది చాలదన్నట్టు టానిన్లు కూడా ఉంటాయి. కాబట్టి సెల్యులోజ్ కథ అంతా వేరు చేసే కథే. ఎవరు వేరు చేశారు, దేనితో చేశారు, ఆ ఖర్చు ఎవరు భరించారు అన్నదే అసలు సంగతి.

మన రెండు జిల్లాల్లో ఈ కథ లేబొరేటరీ పుట్టక ముందే ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు నేసే వాళ్ళని చూడండి. పత్తి అంటే 90 శాతానికి పైగా సెల్యులోజే. ప్రకృతి దానిని దాదాపు శుద్ధి చేసి ఇచ్చింది. గింజనీ చెత్తనీ తీసి పీచుని చక్కగా దువ్వడం ఒక్కటే మిగిలింది. దానికి పొందూరు ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకని దువ్వెనగా వాడతారు. కాస్టిక్ సోడా లేదు, మరిగించడం లేదు. చేప పళ్ళు, మనిషి ఓర్పు అంతే.

మా ఇంట్లో కథ వేరు. మాది చీపురుపల్లి వైపు ఒక మెట్ట ఊరు. మా పంట గోగు. గోంగూర పచ్చడి తినని తెలుగువాడు ఉండడు గాని, ఆ మొక్కని నిలువెత్తుకి పైగా పెంచి నార తీస్తారని పట్నంలో చాలామందికి తెలియదు. ఒకప్పుడు ఈ నార భీమునిపట్నం రేవు మీదుగా ఓడలెక్కేది. అందుకే వర్తక లోకంలో దానికి "బిమ్లీపట్నం జూట్" అన్న పేరు వచ్చింది. మన ఊరి పేరు పెట్టుకొని మన నార దేశాలు తిరిగిందన్న మాట. ఆ నారని నమ్ముకొనే చంపావతి ఒడ్డున నెల్లిమర్లలో, గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో జూట్ మిల్లులు నడిచాయి. ఆమదాలవలసలో వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధనా కేంద్రం గోగు మీద పనిచేసి కొత్త రకాలు ఇచ్చింది.

తరువాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. ధాన్యం వంటి సరుకులను నార సంచుల్లోనే నింపాలని 1987లో పార్లమెంటు చట్టం చేసినా, ప్లాస్టిక్ సంచి చవక ముందు నార సంచి నిలబడడం కష్టమైంది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. మా చుట్టుపక్కల గోగు పొలాలు ఒక్కొక్కటే మొక్కజొన్నకీ నీలగిరి తోటలకీ మారిపోయాయి.

గోగు నార ఎలా తీస్తారో చెప్పాలి. తొలకరికి విత్తుతాం. పూత పట్టే వేళకి కోస్తాం. నాలుగు రోజులు పొలంలో ఉంచితే ఆకు రాలుతుంది. అప్పుడు కట్టలు కట్టి చెరువులో ముంచి, పైన బరువు పెడతాం. రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా పైనే ఊరాలి. నీళ్ళలోని బాక్టీరియా వచ్చి, తొక్కలోని నారని కర్రకి అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురుని తినేస్తుంది. నారని మాత్రం ముట్టదు, ముట్టే లోపలే మనం తీసేయాలి. ఒక రోజు ముందు తీస్తే నార ఊడదు. రెండు రోజులు ఆలస్యమైతే నార పసలేకుండా పోతుంది. ఆ రోజు ఏదో మా మామ్మకి తెలుసు. నీళ్ళలో చెయ్యి పెట్టి ఒక కాడని వేళ్ళ మధ్య నలిపి, "రేపు" అంటుంది. అంతే, మర్నాడు తెల్లవారకుండానే అందరూ చెరువులో దిగుతారు.

ఆ నీళ్ళు ఎలా ఉంటాయో దిగిన వాళ్ళకి తెలుస్తుంది. నల్లగా, చిక్కగా, ముక్కు పగిలే వాసన. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోయి చిన్న చేపలు తేలిపోతాయి. నడుములోతు నీళ్ళలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి కాడ కాడకీ నార వొలవాలి. ఇంటికి వచ్చాక ఎన్నిసార్లు స్నానం చేసినా వాసన పోదు. నేను హైస్కూల్లో ఉండగా చెరువులో దిగిన మర్నాడు బడిలో నా పక్కన కూర్చున్న కుర్రాడు లేచి వేరే బెంచీకి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. సైన్సు గ్రూపు తీసుకోవడానికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే విజ్ఞానం మీద మక్కువ అని చెబుతాను. నిజానికి ఆ వాసన నుంచి తప్పించుకుందామన్నది కూడా ఒక కారణం.

అటువంటి నాకు ఫైనలియర్‌లో ప్రాజెక్టు అంశం ఎంచుకోమన్నారు. "మీ చుట్టుపక్కల పారేసే వస్తువు ఏదైనా తీసుకొని పనికొచ్చేది చేయండి" అన్నారు కెమిస్ట్రీ మాస్టారు. నేను రెండు తీసుకున్నాను: పట్నంలో టీ పిప్పి, మా ఊళ్ళో నార తీసేశాక మిగిలే గోగు కర్ర. నార కంటే కర్ర బరువు రెండింతల పైనే వస్తుంది. ఈ రెంటిలోంచీ తెల్లని సెల్యులోజ్ తీయాలన్నది నా సంకల్పం. అది దొరికితే దానితో ఎన్ని చేయవచ్చో పుస్తకాల్లో చదివి నాకు నిద్ర పట్టలేదు. ఆమ్లంలో కాసేపు మరిగించి మెత్తని పొడి చేస్తే మాత్రలు గట్టిగా నిలబడడానికి కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అవుతుంది. అమెరికాలో 1950లలో కనిపెట్టిన పద్ధతి అది. మరో విధంగా మారిస్తే నీళ్ళలో కరిగే చిక్కని జిగురు వస్తుంది, దానిని ఐస్‌క్రీం నుంచి బట్టల మిల్లు దాకా వాడతారు. గాఢమైన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఇంకా చిన్న ముక్కలు చేస్తే నానో స్ఫటికాలు. మా మామ్మ చెరువులో దిగి తీసిన నార క్వింటాళ్ళ లెక్కన అమ్ముడుపోతుంటే, నేను గ్రాముల లెక్కన అమ్మే సరుకు తీయబోతున్నానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను!

పని మొదలుపెట్టాను. పిప్పిని రంగు దిగేదాకా నీళ్ళలో మరిగించి ఎండబెట్టి 50 గ్రాములు తూచాను. లీటరు నీళ్ళలో 50 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి, అందులో వేసి రెండు గంటలు వేడి చేశాను. నీళ్ళు కాఫీ డికాషన్ కంటే నల్లబడ్డాయి. లిగ్నిన్, టానిన్ కరిగి వచ్చాయన్న మాట. గుడ్డలో వడగట్టి, క్షారం పోయేదాకా, అంటే ఎర్ర లిట్మస్ నీలంగా మారడం మానేదాకా కడిగాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి తెలుపు చేశాను. మళ్ళీ కడిగాను. ఎండిన తరువాత 14 గ్రాములు వచ్చింది, కాస్త గోధుమరంగు తిరిగిన పొడి. గోగు కర్ర పొడితో అదే విధంగా చేస్తే 50 గ్రాములకి 21 గ్రాములు, దీనికంటే తెల్లగా వచ్చింది. అయోడిన్ చుక్క వేస్తే నీలం రాలేదు, పిండి పదార్థం లేదని తేలింది. చిటికెడు కాల్చితే కాగితం కాలినట్టే కాలింది. ఆ రోజు సాయంత్రం టీ కొట్టులో అందరికీ నేనే టీ ఇప్పించాను.

మర్నాడు రికార్డు రాస్తూ, ఎందుకో తెలియదు, వాడిన నీళ్ళ లెక్క కూడా వేశాను. ఎన్ని బకెట్లు పట్టానో అటెండరు గారిని కూడా అడిగి కూడితే రెంటికీ కలిపి 36 లీటర్లు. వచ్చిన పొడి 35 గ్రాములు. గ్రాముకి లీటరు నీళ్ళు! వంద గ్రాముల కాస్టిక్ సోడా పోసి 35 గ్రాముల సెల్యులోజ్ తీశాను. పుస్తకాల్లో "దిగుబడి" అన్న మాట ఉంది. అది పెట్టిన పిప్పికీ వచ్చిన పొడికీ మధ్య లెక్క మాత్రమే. నీళ్ళూ సోడా ఆ లెక్కలోకి రావు.

నల్లనీళ్ళ సంగతి ఇంకా చెప్పలేదు. దానిని ఏం చేయాలో ఎవరినీ అడగకుండా వెనక గోడ పక్కన గడ్డిలో పారబోశాను. తప్పు నాదే. వారం తిరిగేసరికి అక్కడ చాప పరిచినంత మేర గడ్డి మాడిపోయింది. మాస్టారు చూసి తిట్టలేదు. "క్షారం తగ్గించకుండా పారబోస్తావా? పెద్ద కాగితం మిల్లుల్లో ఈ నల్లనీళ్ళని చిక్కబెట్టి బాయిలర్‌లో కాల్చి సోడాని తిరిగి రాబట్టుకుంటారు. అదే గడ్డీ గాదంతో నడిచే చిన్న మిల్లులకి ఆ స్తోమత ఉండదు. పైగా వరిగడ్డిలో ఇసుక జాతి సిలికా ఎక్కువ, అది సోడా తిరిగి రాకుండా అడ్డం పడుతుంది. ఏరు నల్లబడడానికి ఎంత సేపు?" అన్నారు. ఆ మాడిన గడ్డి ముందు నిలబడినప్పుడు నా ముక్కుకి మా చెరువు వాసన తగిలినట్టయింది. నేను తప్పించుకుందామనుకున్న నల్లనీళ్ళే లేబొరేటరీ దాకా నా వెంట వచ్చాయి. కాకపోతే చెరువు నీళ్ళలో కొన్నాళ్ళకి మళ్ళీ చేప పుడుతుంది. నా నీళ్ళు పడిన చోట ఈ వ్యాసం రాసే నాటికి ఇంకా గడ్డి మొలవలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్తూ ఆ గోగు పొడిని చిన్న సీసాలో వేసుకొని తీసుకెళ్ళాను. చెడ్డదీ మంచిదీ ఏదైనా మా నాన్నకి చూపించడం అలవాటు. భోగి నాటి సాయంత్రం అరుగు మీద కూర్చొని సీసా చేతికిచ్చాను.

"ఇదేటిరా, సున్నమా?"

"కాదు నాన్నా, మన గోగుకర్రలోంచి తీసినాను."

నాన్న మూత తీసి వేలితో నలిపి చూశాడు. "మెత్తగానే ఉన్నాది. మరి కర్ర ఏటయిపోనాది?"

"ఇదే కర్ర. మిగతాది కరిగిపోయింది."

"కరిగి ఎక్కడికెల్లింది?"

గడ్డి మాడిన సంగతి చెప్పాను. నాన్న సీసా పక్కన పెట్టి, కాసేపు ఏమీ అనలేదు. తరువాత తన లెక్క చెప్పాడు. ఆ లెక్క నా రికార్డులో లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

"ఆ కర్ర మేం పారీస్తన్నామని నీకెవుడు సెప్పినాడు? సగం మీ మామ్మ పొయ్యిలోకి. గేసు వొచ్చినా నీళ్ళు కాసుకోడం కర్రతోనే కదా. మడిసెక్క సుట్టూ దడి ఆ కర్రే. సిక్కుడు పందిరి ఆ కర్రే. మొన్న ఈదిలో పెళ్ళికి పందిరేసుకోడానికి మూడు మోపులు అట్టుకెల్లినారు. డబ్బులు ఇవ్వలేదు, మన గడ్డికుప్ప ఎయ్యడానికి ఆలొచ్చినారు. పొయ్యిలో బూడిద మళ్ళీ సేన్లోకి. ఇందులో నువ్వన్న 'వేస్టు' ఎంతుందో సెప్పు."

నేను నోరు మెదపలేదు. నాన్న మళ్ళీ, "గడ్డీ అంతే. కోత మిషనొచ్చినాక గడ్డి పొలంలోనే వొదిలీసి అగ్గెడతన్నారు, అది మాత్రం నిజంగా పారీడమే. అది సేతకాక సేస్తన్న పని. దానికేటైనా సేత్తే సెయ్యి" అన్నాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు. "నాలుగెకరాల్లో ఈ ఏడు ఎకరం గోగు ఏసినాం. నార తియ్యడానికి మనిసి దొరకట్లేదు, సెరువులో నీళ్ళు నిలవట్లేదు. నీలగిరి మొక్కలు ఏసుకోమని ఒకడు తిరుగుతన్నాడు. కాయితం మిల్లుకి కర్ర కొట్టుకెల్లిపోతారట. నీ సదువు వల్ల మన గోగుకర్రకి రేటు వస్తాదంటావా? వస్తాదంటే ఉంచుతాను. లేదంటే తీసీస్తాను."

టీ కొట్టు బాబాయి ప్రశ్నే ఇది, ఇంకో రూపంలో. కాగితం కొట్లో దొరుకుతుంటే ఇంత ఖర్చు పెట్టి నువ్వెందుకు తీయాలి? ఎవరికి లాభం? పుస్తకం ప్రకారం అవునని చెప్పేయవచ్చు. నానో స్ఫటికాల ధర చెప్పి నాన్న కళ్ళు తిప్పవచ్చు. కాని ఆ పొడి చేయడానికి కావలసిన సోడా, ఆమ్లం, నీళ్ళు మా ఊళ్ళో లేవు. అవి ఉన్న చోటికి మా కర్ర లారీ ఎక్కి వెళ్ళాలి. బోలుగా ఉండే గోగు కర్ర లారీ నిండా వేసినా బరువు తూగదు. రేటు నిర్ణయించేది మేము కాము. అప్పుడు మామ్మ పొయ్యికి కర్ర ఉండదు, వీధి పందిరికి మోపులు ఉండవు. వాటి స్థానంలో డబ్బు వస్తుందో, ఎంత వస్తుందో నాకు తెలియదు.

"ఇప్పుడే చెప్పలేను నాన్నా" అన్నాను. ఆ రాత్రి భోగి మంటలో మా గోగు కర్రలూ వేశాం. నా సీసా అరుగు మీదే ఉండిపోయింది.

సెలవులు అయ్యేలోగా ఒక ఆలోచన వచ్చింది. గొప్పదేమీ కాదు. నా పనిలో ఎక్కువ నీళ్ళు, ఎక్కువ మందు ఎక్కడ ఖర్చయ్యాయని చూస్తే, తెలుపు కోసం. తెలుపు ఎవరికి కావాలి? మాత్రల కంపెనీకి కావాలి, రాసుకొనే కాగితానికి కావాలి. మొక్కకి అక్కర లేదు. మా వైపు వంకాయ, మిరప నారుని చిన్న చిన్న నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పెంచి అమ్ముతారు. నాటేటప్పుడు సంచి చించి గట్టు మీద పారేస్తారు. ఎన్నేళ్ళయినా అది మట్టిలో కలవదు. ఆ సంచి బదులు గోగు పీచుతో చిప్ప చేస్తే?

చైనాలో సాయ్ లున్ అనే ఆయన క్రీస్తు శకం 105లో చక్రవర్తికి చూపించిన కాగితం కూడా చెట్టు బెరడు, జనపనార తుక్కు, పాత గుడ్డలు, చినిగిన చేపల వలలతో చేసిందే. ఆయన దగ్గర కాస్టిక్ సోడా లేదు. నేనూ అది మానేశాను. మామ్మ పొయ్యి బూడిదని నీళ్ళలో కలిపి తేరిన తేటలో గోగు కర్ర ముక్కలనీ, నార తీసేటప్పుడు మొదళ్ళ దగ్గర తెగిన తుక్కునీ ఒక రాత్రి నానబెట్టి, పొయ్యి మీద సగం రోజు ఉడికించాను. బూడిదలో ఉండే పొటాష్ కూడా క్షారమే, కాకపోతే సాధు జాతి. లిగ్నిన్ అంతా పోలేదు. పోనవసరమూ లేదు. మిగతా పని రోకలి చేసింది. పట్నం నుంచి తెచ్చిన టీ పిప్పి కొంత కలిపాను. అతుక్కోవడానికి మామ్మ గంజి పోసింది. గంజి కూడా గ్లూకోజే కదా! రెండు రకాలుగా చేతులు పట్టుకున్న ఒకే చక్కెర ఒక చిప్పలో కలిసిందని నేను మురిసిపోతుంటే, "ఏటిరా తనలో తాను నవ్వుకుంటన్నాడు" అని మామ్మ అమ్మతో అంది.

గిన్నె అడుగున ఒత్తి ఆరు చిప్పలు చేశాం. ఒట్టి టీ పిప్పితో చేసినవి రెండూ ఎండగానే పగిలిపోయాయి, పీచు మరీ పొట్టి. గోగు నార తుక్కు పడిన నాలుగూ నిలిచాయి. గోధుమరంగు, అందం లేదు, పట్టుకుంటే గరుకు. మట్టి పోసి వంకాయ గింజలు పెట్టాను. నీళ్ళు పోస్తుంటే పదో రోజున ఒకటి విడిపోయిందని అమ్మ ఫోనులో చెప్పింది. మిగతా మూడింటిలో మొక్క వేరు చిప్పని చీల్చుకొని బయటికి వచ్చిందట. వాటిని చిప్పతో సహా పాతేశారట. ఉడికించిన బూడిద నీళ్ళని ఇంకా నీళ్ళు కలిపి పెంటకుప్ప మీద పోశాం. ఈసారి మాడింది ఏమీ లేదు.

ఇది గొప్ప ఆవిష్కరణ అని చెప్పుకోవడం లేదు. మూడు వంగ మొక్కలు దేశాన్ని ఉద్ధరించవు. పెద్ద ఎత్తున వ్యవసాయ శేషాలతో కాగితం చేయడం అసాధ్యమూ కాదు. చెరకు పిప్పితో కాగితం చేయడానికి 1979లో తమిళనాడు ప్రభుత్వం ఒక సంస్థను స్థాపించింది. ఆ కాగితం ఇప్పటికీ వస్తోంది. అక్కడ పిప్పి చక్కెర మిల్లులో ఒకే చోట గుట్టగా దొరుకుతుంది. ఆ మిల్లుల బాయిలర్లకి పిప్పి బదులు వేరే ఇంధనం ఏర్పాటు చేసి మరీ పిప్పిని తీసుకున్నారు. అంటే వాళ్ళు కూడా ముందు "ఈ పిప్పిని ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారు?" అని అడిగారు. వాడుకొనే వాళ్ళకి బదులు ఇచ్చి తరువాత తీసుకున్నారు. ఆ ప్రశ్న నేను బకెట్టు పట్టుకొని బయల్దేరే ముందు అడగలేదు.

మిత్రులారా, మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చిన వాళ్ళమే. సైన్సు చదివి ఊరికి ఏదో చేద్దామని అందరికీ ఉంటుంది. ఆ కోరిక మంచిదే. కాని ఏ వస్తువునైనా "వ్యర్థం" అని రికార్డులో రాసే ముందు దాని యజమాని ఎవరో కనుక్కోవాలి. మా గోగు కర్రకి మామ్మ పొయ్యి యజమాని, దడి యజమాని, వీధి పందిరి యజమాని. టీ కొట్టు పిప్పికి, మిషను కోత తరువాత పొలంలో తగలబెట్టే గడ్డికి నిజంగా యజమాని లేడు. మన చదువు మొదలవవలసింది అక్కడ. రెండోది, వచ్చిన పొడితో పాటు పోసిన నీళ్ళనీ, పారబోసిన నీళ్ళనీ కూడా లెక్క రాయాలి. చెరువులో నిలబడి నార తీసిన వాళ్ళు ఆ లెక్కని ఒంటితో కట్టారు. మనం కాగితం మీదైనా కట్టలేమా?

ప్రాజెక్టు రికార్డులో 14 గ్రాములు, 21 గ్రాముల కింద 36 లీటర్లు, 100 గ్రాముల కాస్టిక్ సోడా అని కూడా రాశాను. మాస్టారు ఆ వరస కింద ఎర్ర సిరాతో గీత గీశారు. తప్పు పట్టారేమో అనుకున్నాను. పక్కన "మంచిది" అని ఉంది.

మొన్న ఉగాదికి వెళ్ళినప్పుడు నాన్నని అడిగాను, నీలగిరి సంగతి ఏం చేశావని. ఎకరంలో ఎనభై సెంట్లు మొక్కజొన్నకి పోయాయి. ఇరవై సెంట్లు గోగుకి ఉంచాడు. నా ప్రయోగం చూసి ఉంచాడేమోనని ఒక్క క్షణం ఛాతీ పొంగింది.

"నీ సిప్పల కోసరం కాదురా, మీ మామ్మ ఊరుకోలేదు. నీళ్ళు కాసుకోడానికి కర్రెక్కడిదీ అన్నాది" అన్నాడు నాన్న.

బస్సు ఎక్కేటప్పుడు మాత్రం సంచిలో ఏదో బరువుగా ఉందని చూస్తే, మొదళ్ళ నార తుక్కు ఒక మూట కట్టి పెట్టి ఉంది. ఎవరు పెట్టారో నేను అడగలేదు.